రీకాల్ కబురు చూసి మాత్రలు ఆపేయాలా? వీఏ ఫార్మసీలో ఏళ్ళ తరబడి పనిచేసిన అనుభవంతో జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయన మావ్నీ పథకంలో (కావలసిన భాషలు, నైపుణ్యాలు ఉన్న విదేశీయులను తీసుకున్న పథకం) అమెరికా సైన్యంలో చేరి, సర్వీసు ముగించుకుని ఇప్పుడు వెటరన్ల, అంటే మాజీ సైనికుల, వ్యవహారాల శాఖ వీఏ వైద్యం మీద ఉన్నారు. బీపీ మాత్రలు వీఏ నుంచి పోస్టులో వస్తున్నాయి. ఇంట్లో చేసుకునే ఇంజెక్షన్ కిట్‌లో ఆల్కహాల్ స్వాబ్‌లు, అంటే సూది గుచ్చేముందు చర్మం తుడిచే ప్యాడ్‌లు, ఉన్నాయి. గురకకు, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే సీప్యాప్ మిషను వాడుతున్నారు. వాట్సాప్‌లో ఎవరో రీకాల్ అయిన, అంటే కంపెనీ వెనక్కి పిలిచిన, మందుల జాబితా పంపి, "వెటరన్లకు చవక సరుకు అంటగడతారు, అందులో సగం ఇండియాదే" అన్నారు. మాత్రలు ఆపేయాలా అని అడిగారు. విశాఖలో ఉన్న మీ మామగారు కూడా మాజీ సైనికులే, ఆయన ఈసీహెచ్ఎస్ (మన మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ మందుల సంగతేమిటని కూడా అడిగారు.

మొదటిదానికి వెంటనే చెబుతాను. ఆపొద్దు. ఇంకో సీసా చేతికొచ్చేదాకా, లేదా డాక్టరుగారో ఫార్మసిస్టో మార్చి ఇచ్చేదాకా రోజూ వేసుకునే మాత్ర మానొద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2018లో నా కళ్ళ ముందు జరిగింది.

ఆ ఏడాది జులైలో వాల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం ఉందని బయటపడింది. ముడి మందు తయారుచేసింది చైనాలోని జెజియాంగ్ హువాహాయ్. తయారీలో వాడే ద్రావకాన్ని మార్చారు, అదే పద్ధతిలో సోడియం నైట్రైట్ కూడా వాడారు. ఆ రెండూ కలిసిన చోట ఎవరూ వెతకని కొత్త పదార్థం పుట్టింది. ఎవరూ వెతకలేదు కాబట్టి నాణ్యత పరీక్షలన్నీ పాసయింది. ఆగస్టులో మన హైదరాబాద్ హెటెరో ల్యాబ్స్ తయారుచేసి అమెరికాలో క్యాంబర్ పేరుతో అమ్మిన వాల్సార్టాన్ కూడా వెనక్కి వచ్చింది. ఏడాది చివర్లో అరబిందో కూడా కొన్ని బ్యాచ్‌లు వెనక్కి తీసుకుంది. ఫార్మసీ కౌంటరు దగ్గర నన్ను చూసి "మీ ఊరి కంపెనీలే కదా" అన్నవాళ్ళున్నారు. బాధేసింది, కానీ వాళ్ళు అన్నది అబద్ధం కాదు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పుడు ఒక లెక్క చెప్పింది. ఎనిమిది వేల మంది అత్యధిక డోసు, రోజుకు 320 మిల్లీగ్రాములు, నాలుగేళ్ళపాటు రోజూ వేసుకుంటే, వాళ్ళందరి జీవితకాలంలో ఒక్కరికి అదనంగా క్యాన్సర్ రావచ్చని. ఆ ఒక్క ప్రాణం తక్కువదని నేననను. కానీ ఎనిమిది వేల మంది ఒకేరోజు బీపీ మాత్ర ఆపేస్తే పక్షవాతం, గుండెపోటు ఎంతమందికి వస్తాయో ఆలోచించండి. మరుసటి ఏడాది లోసార్టాన్ అనే ఇంకో బీపీ మందులో వేరే మలినం దొరికినప్పుడు, మందు కరువైతే జనం మాత్రలు మానేస్తారని భయపడి, మామూలుగా 0.96 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.96 భాగం) ఉండాల్సిన హద్దును కొంతకాలంపాటు 9.83 పీపీఎం దాకా ఎఫ్‌డీఏనే సడలించింది. అంటే మందు లేకపోవడమే పెద్ద ప్రమాదమని వాళ్ళు తూకం వేసి చూశారు.

ఇక "చవక సరుకు" మాట. వీఏ కొనేది బయట ఫార్మసీల్లో దొరికే మందులే, అవే ఫ్యాక్టరీల నుంచి. ఇంకా చెప్పాలంటే, మందు ఏ దేశంలో తయారైందన్న నిబంధన వీఏకి బయటి ఫార్మసీలకన్నా గట్టిది. దానిమీద పెద్ద కోర్టు కేసే నడిచింది. అరబిందోకు చెందిన న్యూజెర్సీ ఫ్యాక్టరీలో మాత్రగా తయారైన ఎంటెకావిర్ అనే మందుకు ముడి సరుకు ఇండియా నుంచి వచ్చింది కాబట్టి అది ఇండియా సరుకేనని, కొనడానికి కుదరదని వీఏ వాదించింది. 2020 ఫిబ్రవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ వాదన చెల్లదంది. ఆ తీర్పు మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. నా మాట ఒక్కటే: ఇండియా పేరు చూసి భయపడొద్దు, అమెరికా పేరు చూసి ధీమాగా ఉండొద్దు. మందు ఏ దేశానిదని కాదు, ఏ బ్యాచ్‌దని అడగాలి.

బ్యాచ్ అంటే ఒకే విడతలో ఒకే మిశ్రమం నుంచి తీసిన సరుకు. మన ఇళ్ళలో ఒకే జాడీలో పెట్టిన ఆవకాయలాంటిది. జాడీలో తడి తగిలితే ఆ జాడీ అంతా పోతుంది, పక్క జాడీకి ఏమీ కాదు. రీకాల్ ఎప్పుడూ జాడీ గురించే మాట్లాడుతుంది. జనానికి చేరేసరికి "ఆవకాయ విషమట" అని చేరుతుంది.

వీఏలో ఈ కబురు ఎలా నడుస్తుందో చెబుతాను, ఎందుకంటే ఇది నిజంగా మంచి ఏర్పాటు. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో 1999 నుంచి రోగుల భద్రతకు ఒక జాతీయ కేంద్రం ఉంది. పరికరాల రీకాల్ కబుర్లు దాని ద్వారా దేశంలోని అన్ని వీఏ ఆసుపత్రులకూ వెళ్తాయి. మందుల రీకాల్‌ను వీఏ జాతీయ ఫార్మసీ విభాగం చూస్తుంది. ప్రతి ఆసుపత్రిలోనూ రీకాల్ బాధ్యత చూసే మనిషి ఒకరుంటారు. సరుకు వెతికామా, పక్కన పెట్టామా అని వాళ్ళు పైకి లెక్క చెప్పాలి. బయట ఈ ఫార్మసీలో కొంత, ఆ ఫార్మసీలో కొంత కొనుక్కునే రోగి చిరునామా ఎవరి దగ్గరా పూర్తిగా ఉండదు. వీఏకి తన రోగి ఎవరో, ఏ మందు ఎప్పుడు వెళ్ళిందో తెలుసు. వీఏ బయటి రోగుల మందుల్లో దాదాపు 80 శాతం పెద్ద మెయిల్ ఫార్మసీ కేంద్రాల నుంచే పోస్టులో వెళ్తాయి. కాబట్టి ఉత్తరం పంపాలంటే పంపగలరు.

మరి లోపం ఎక్కడ? చివరి మూరెడు దూరంలో.

నేను చేరిన తొలి ఏళ్ళలో జరిగింది చెబుతాను, ఆసుపత్రి పేరు చెప్పను. ఒక సిరంజీ బ్యాచ్‌లో సూక్ష్మక్రిములు ఉన్నాయని కబురొచ్చింది. ఫార్మసీ గోదాములో ఉన్నవాటిని రెండు గంటల్లో వెతికి, సీలు వేసి, "పూర్తయింది" అని పైకి రాసేశాం. నాలుగో రోజున పై అంతస్తులో ఒక నర్సమ్మ ఫోను చేసింది. మందుల బండి కింది అరలో, అట్టపెట్టె లేకుండా విడిగా, పదకొండు సిరంజీలున్నాయి. వాటిమీద అచ్చయిన నంబరు గోరంత. ఆ నర్సమ్మకు చూడాలనిపించింది కాబట్టి చూసింది. ఆ నాలుగు రోజుల్లో ఆ బండి నుంచి ఎవరికైనా వాడారా అని ముగ్గురం కూర్చుని రాత్రంతా చార్టులు తిరగేశాం. వాడలేదు. కానీ వాడలేదని తేల్చుకోవడానికి మా దగ్గర కాగితం లేదు, మనుషుల జ్ఞాపకమే ఉంది. ఆ రాత్రి నుంచి "పూర్తయింది" అన్న గడిలో టిక్కు పెట్టడానికి ముందు నేనే వార్డులకు వెళ్ళి అరలన్నీ తెరిచి చూసేదాన్ని.

బార్‌కోడ్ ఉంది కదా అంటారు. ఆసుపత్రిలో మందు ఇచ్చేముందు రోగి చేతి పట్టీనీ మందునీ స్కాన్ చేసే పద్ధతి పుట్టిందే వీఏలో. కాన్సస్ రాష్ట్రం టొపీకా వీఏలో ఒక నర్సు, అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు చేతి మిషనుతో కారును స్కాన్ చేయడం చూసి, ఇదే పని మందులకెందుకు చేయకూడదు అనుకున్నారు. 1990ల మొదట్లో అక్కడ మొదలై, దశాబ్దం తిరిగేసరికి వీఏ అంతటా వచ్చింది. ఎన్ని పొరపాట్లు ఆపిందో లెక్కలేదు. కానీ ఆ బార్‌కోడ్ ఏ మందో చెబుతుంది, ఏ బ్యాచో చెప్పదు. 2004లో ఎఫ్‌డీఏ పెట్టిన నియమం కూడా మందు గుర్తింపు సంఖ్యనే తప్పనిసరి చేసింది, బ్యాచ్ నంబరును కంపెనీ ఇష్టానికి వదిలేసింది. ఆ నియమం వచ్చిన రోజుల్లో మేమంతా సంబరపడ్డాం. ఎంత పెద్ద అవకాశం జారిపోయిందో తరవాత అర్థమైంది.

అది మారడానికి మనుషులు చనిపోవాల్సి వచ్చింది. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రామింగ్‌హామ్‌లో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే సంస్థ వెన్నునొప్పికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తయారుచేసింది. మూడు బ్యాచ్‌ల్లో బూజు చేరింది. ఆ మూడు బ్యాచ్‌లే 23 రాష్ట్రాలకు వెళ్ళాయి, దాదాపు 14 వేల మందికి వేశారు. టెనెసీలో ఒక డాక్టరు తన రోగి మెదడు పొరల వాపుకు కారణం బూజు అని గుర్తించి వెంటనే ఆరోగ్య శాఖకు చెప్పడంతో కథ బయటికొచ్చింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చివరి లెక్కలో 753 మందికి జబ్బు చేసింది, 64 మంది పోయారు. ఏ బ్యాచ్‌లు ఏ క్లినిక్‌లకు వెళ్ళాయో, అక్కడ ఎవరికి వేశారో రికార్డులున్నాయి గనక వారాల్లోనే వేలమందికి ఫోన్లు చేయగలిగారు, ఎంతోమంది వేళకు మందు పడి బతికారు. మరుసటి ఏడాది నవంబరులో వచ్చిన చట్టంలోనే, ప్రతి మందు ప్యాకెట్ మీద బ్యాచ్, గడువు తేదీ, వరస సంఖ్య ఉన్న చదరపు కోడ్ పెట్టాలన్న భాగం కూడా ఉంది. పూర్తిగా అమలులోకి రావడానికి పదేళ్ళు దాటింది.

ఇప్పుడు మీ సీసా దగ్గరికి రండి. ఆ కోడ్ కంపెనీ ప్యాకెట్ మీద ఉంటుంది. మీకొచ్చే సీసా మీద మీ ఆయన పేరు, మందు, డోసు ఉంటాయి. బ్యాచ్ నంబరు సాధారణంగా ఉండదు. అందుకే అనుమానం వచ్చినప్పుడు ఫార్మసీ ఆ మధ్యకాలంలో ఆ కంపెనీ మందు తీసుకున్న అందరికీ ఉత్తరం రాస్తుంది. ఉత్తరం వచ్చినంతమాత్రాన మీ మాత్రలు చెడ్డవని కాదు. రాకపోతే భద్రమని కూడా కాదు, చిరునామా మారి ఉండొచ్చు. మాత్ర మీద చెక్కిన అక్షరాలూ అంకెలూ చూడండి, అవి ఏ కంపెనీదో చెబుతాయి. వీఏ ఫార్మసీకి ఫోను చేసి, "ఈ గుర్తు ఉన్న మాత్ర, ఫలానా తేదీన పంపారు, రీకాల్‌లో ఉందా" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలం. "నా మందు మంచిదేనా" అని అడిగితే అవతలివాళ్ళూ "మంచిదే" అనే అంటారు, ఇద్దరికీ ఏమీ తెలిసినట్టు కాదు.

వారంరోజుల డబ్బాలో మాత్రలు సర్దుకోవడం మంచి అలవాటే, కానీ కొత్త సీసా మాత్రలు పాత సీసాలో కలిపేయకండి. రెండు జాడీల ఆవకాయ ఒక్కచోట పోసినట్టే.

స్వాబ్‌ల సంగతి నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. 2011 జనవరిలో విస్కాన్సిన్‌లోని ట్రయాడ్ గ్రూప్ తన ఆల్కహాల్ ప్యాడ్‌లన్నీ వెనక్కి పిలిచింది. వాటిలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా దొరికింది. "ఆల్కహాల్‌లో క్రిమి ఎలా బతుకుతుందండీ" అని చదువుకున్నవాళ్ళే నన్నడిగారు. ఈ బ్యాక్టీరియా గట్టి పెంకుతో బీజంలా మారి నిద్రపోతుంది. ఆ బీజాన్ని ఆల్కహాల్ ఏమీ చేయలేదు. సూది గుచ్చే చోట మనమే తుడిచి, మనమే లోపలికి దారి ఇచ్చినట్టవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు పెద్దగా ఏమీ కాకపోవచ్చు. డయాలిసిస్ మీద ఉన్న పెద్దాయనకో, కీమో జరుగుతున్నవాళ్ళకో అది రక్తంలో చేరితే ప్రాణాంతకం. వీఏ వార్డుల్లో ఎక్కువగా కనిపించేది సరిగ్గా అలాంటివాళ్ళే. ఏప్రిల్‌లో ఆ ఫ్యాక్టరీ నుంచి 60 లక్షల డాలర్లకు పైగా విలువైన సరుకును అమెరికా మార్షళ్ళు, అంటే కేంద్ర ప్రభుత్వ అధికారులు, జప్తు చేశారు.

అసలు కష్టం ఆ ప్యాడ్‌లు వెతకడం. అవి ట్రయాడ్ పేరుతోనే కాదు, చాలా దుకాణాల సొంత పేర్లతో అమ్ముడయ్యాయి. నరాల జబ్బుకు వేసుకునే బీటాసెరాన్ లాంటి ఇంజెక్షన్ల పెట్టెల్లో కూడా ఉన్నాయి. మందు మంచిది, పెట్టెలో పక్కనున్న తుడిచే కాగితం చెడ్డది. మందు పేరుతో వెతికితే దొరకదు. అందుకే అడుగుతున్నాను, మీ ఆయన కిట్‌లో ప్యాడ్ మీద "స్టెరైల్" (క్రిములు లేకుండా చేసినది) అని ఉందో లేదో ఈరోజే చూడండి. లేకపోతే, స్టెరైల్ అని రాసినవే కావాలని ఫార్మసీని అడిగి తీసుకోండి.

సీప్యాప్ గురించి క్లుప్తంగా. 2021 జూన్‌లో ఫిలిప్స్ వెనక్కి పిలిచిన మిషన్లలో చప్పుడు తగ్గించే నురుగు పొర పొడిపొడిగా రాలి, గాలితోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉందన్నారు. లక్షలమంది వెటరన్లు ఆ మిషన్ల మీద ఉన్నారు. అప్పుడు కూడా మేం చెప్పింది ఇదే: మీ డాక్టరుతో మాట్లాడకుండా ఆపకండి. ఓజోన్‌తో శుభ్రం చేసే పరికరాలు ఆ నురుగును ఇంకా త్వరగా పాడుచేస్తాయి. మీ మిషను మోడల్, సీరియల్ నంబరు అడుగున ఉంటాయి, ఫోటో తీసి వీఏ నిద్ర విభాగానికి పంపండి.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. కలుషితం ఎప్పుడూ ఫ్యాక్టరీ నుంచే రాదు. 2009లో మర్‌ఫ్రీస్‌బరో, అగస్టా, మయామీ వీఏల్లో ఎండోస్కోపీ పరికరాలు సరిగ్గా శుభ్రం చేయలేదని తేలి, దాదాపు 11 వేల మంది వెటరన్లకు హెపటైటిస్, హెచ్ఐవీ పరీక్షలకు రమ్మని ఉత్తరాలు వెళ్ళాయి. తరవాత వీఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు చెప్పకుండా తనిఖీకి వెళ్తే, నియమాలూ శిక్షణా రెండూ సరిగ్గా ఉన్నవి సగంకన్నా తక్కువ. అది మా అందరికీ సిగ్గుచేటు. అయినా దాచకుండా రోగులకు ఉత్తరం రాశారు చూడండి, అది నిలబెట్టుకోవాల్సిన పద్ధతి. దేశం కోసం వెళ్ళొచ్చిన మనిషికి తన ఒంట్లోకి ఏం వెళ్ళిందో తెలుసుకునే హక్కుంది. అందుకే మీ ఆయన స్కోపీకి వెళ్ళినా, పన్నుకు వెళ్ళినా, "పరికరం ఎలా శుభ్రం చేస్తారు" అని అడగడానికి మొహమాటపడొద్దనండి. మంచి నర్సులు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

రీకాల్ నోటీసులో "కంపెనీ స్వచ్ఛందంగా" అని చూసి తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో చాలా మందుల విషయంలో రీకాల్ చేయమని ఆజ్ఞాపించే అధికారం ఎఫ్‌డీఏకి లేదు, కంపెనీయే చేయాలి. ఎంత పెద్ద ప్రమాదమైనా ఆ మాటే ఉంటుంది. చూడాల్సింది రెండు: తరగతి ఒకటా, రెండా, మూడా అన్నది, ఒకటి అన్నిటికన్నా ప్రమాదం. రెండోది ఎంతవరకు పిలుస్తున్నారు, దుకాణం దాకానా, రోగి ఇంటిదాకానా అన్నది. ఇంకొక మాట, మొదటి నోటీసు చాలాసార్లు ఆఖరుది కాదు. 2007 డిసెంబరులో సియెరా పేరుతో అమ్మే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) సిరంజీల్లో ఒక్క బ్యాచ్ అన్నారు, నెల తిరక్కముందే అన్ని బ్యాచ్‌లూ వెనక్కి రమ్మన్నారు. కాబట్టి నాలుగు వారాల తరవాత మళ్ళీ చూడండి.

బయట సొంతంగా కొనే వాటిమీద ఎక్కువ జాగ్రత్త ఉండాలి. 2023 ఫిబ్రవరిలో చెన్నై గ్లోబల్ ఫార్మా తయారుచేసిన కంటి చుక్కల మందు రీకాల్ అయింది, ఎజ్రీకేర్ పేరుతో అమ్మేవారు. మొండి సూడోమోనాస్ బ్యాక్టీరియాతో 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది, నలుగురు చనిపోయారు, కొందరికి కన్నే తీసేయాల్సి వచ్చింది. చీటీ లేకుండా కొన్న మందు కాబట్టి ఎవరు కొన్నారో ఎవరికీ తెలియదు, ఉత్తరం రాసే దారే లేదు. మీ ఆయన బయట కొన్న విటమిన్లు, చుక్కల మందులు అన్నీ వీఏ రికార్డులో రాయించండి.

ఇక మీ మామగారు. మన దేశంలో ఒక సౌకర్యం అమెరికాలో లేనిది: మాత్రలు కంపెనీ స్ట్రిప్‌లోనే చేతికొస్తాయి, బ్యాచ్ నంబరు దానిమీదే ఉంటుంది. కానీ స్ట్రిప్ కత్తిరించి ఆరు మాత్రలు ఇస్తే నంబరున్న ముక్క ఇంకొకరి ఇంటికి పోతుంది. పాలీక్లినిక్‌లో అయినా, బయట షాపులో అయినా నిండు స్ట్రిప్ అడగమనండి, కత్తిరించి ఇస్తే నంబరు కాగితం మీద రాయించుకోమనండి. నాణ్యత తప్పిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి నెలా బ్యాచ్ నంబర్లతో సహా విడుదల చేస్తుంది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో పిల్లల్ని బలిగొన్న కోల్డ్‌రిఫ్ దగ్గుమందు విషయంలో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం హెచ్చరిక ఇచ్చింది కూడా ఎస్ఆర్-13 అనే బ్యాచ్ నంబరుతోనే. మనింట్లో నంబరు లేకపోతే ఆ హెచ్చరిక మనకు చేరినట్టు కాదు.

ఈ రాత్రికి మీ ఆయన మామూలుగానే మాత్ర వేసుకోనివ్వండి. రేపు పొద్దున ఫార్మసీకి ఫోను చేయండి. మాత్ర మీదున్న గుర్తు ఏమిటో, వాళ్ళు ఏమన్నారో ఇక్కడే రాయండి, అర్థం కానిదేమైనా ఉంటే చూసి చెబుతాను. వేసుకున్నాక దద్దుర్లు, జ్వరం, ఇంజెక్షన్ చోట ఎర్రబడి వాచడం లాంటివి ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ఆ ప్యాడ్ కవరు, సీసా పారేయకుండా వెంట తీసుకెళ్ళండి.